ఎడమ సీటు

మా ఇంట్లో ఎండు చిక్కుడు గింజలు గుప్పిళ్ల లెక్కన నానబెడతారు. మనిషికో గుప్పెడు. అమ్మ గిన్నె ముందు నిలబడి, నాన్నకి, అన్నయ్యకి, నాకు, నా మొగుడికి, చివర్లో తనకి అని గొణుక్కుంటూ పోసి, పైన నీళ్లు పట్టేది. మా అన్నయ్య దమియానో పోయిన తర్వాత కూడా వాడి గుప్పెడు మానలేదు. ఆ గింజలతో కాచాక మిగిలిపోయిన జావ మర్నాడు కోళ్లకి వెళ్లేది. ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

మా నాన్న ఇసిదోరో మా ఊరు రొక్కాసెర్రాలో పాత ఆలివ్ గానుగ కొట్టాన్ని షెడ్డుగా మార్చుకుని ట్రాక్టర్లు బాగుచేసేవాడు. నలభయ్యేళ్లు దాటాక ఆయనకి రేసు కారు కట్టాలని పుట్టింది. ఉత్తరాదిలో పెద్ద పెద్ద కంపెనీలు ఊరంత మందిని పెట్టుకుని చేసే పని, మేం ఇంట్లోవాళ్లం చేశాం. ఇనప గొట్టాలు అతికింది నాన్న. ఎవరో గుద్దేసి వదిలేసిన మామూలు కారులోంచి ఇంజను పీకి, దానికి పిచ్చెక్కించింది నా మొగుడు గాందోల్ఫో. గాజునార బట్ట, అదే ఫైబర్‌గ్లాస్ మీద జిగురు పులిమి పైతొడుగు పోసింది నేను. ఆ దురద ఇప్పటికీ నా మోచేతుల్లో ఉంది. కింద నుంచి కొండ మీది దాకా ఒక్కో కారూ విడిగా ఎక్కే మా ఊరి పందెంలో దాన్ని నడిపేది అన్నయ్య. పైకప్పు లేదు, మోకాళ్లకి కాస్త పై ఎత్తు. అలాంటి వాటిని స్పోర్ట్స్ ప్రోటోటైప్ అంటారు. అమ్మ మాత్రం స్నానాల తొట్టి అనేది.

ఆ కారులో సీటు కొనుక్కునేది కాదు, పోసుకునేది. రెండు ద్రవాలు బకెట్లో కలిపి, ఆ నురుగుని ప్లాస్టిక్ సంచిలో పోసి, నడిపేవాణ్ణి దాని మీద కూర్చోబెడతారు. స్టీరింగ్ పట్టుకుని వాడు కదలకుండా ఉండాలి. నురుగు వెచ్చగా పొంగి, వీపు చుట్టూ, నడుం చుట్టూ పాకి గట్టిపడుతుంది. లేచాక వాడి ఒంటి అచ్చు మిగులుతుంది. ఇక ఆ సీటు వాడిదే. ఇంకొకడి సీట్లో కూర్చుని కొండెక్కేవాడు ఈ వృత్తిలో ఉండడు.

అన్నయ్య చిన్నప్పుడు మల్బరీ చెట్టు మీంచి పడ్డాడు. ఎముక సరిగా అతుక్కోక వాడి ఎడమ భుజం ఎప్పుడూ కిందికి వాలి ఉండేది. సీటు అచ్చులో కూడా ఆ పక్క గుంట లోతుగా పడింది.

ఈ జాతి కార్లకి రెండు సీట్లుండాలని రూలు. రెండో దాంట్లో ఎవడూ కూర్చోడు, అయినా ఉండాలి. మా దేశంలో మామూలు కార్లకి స్టీరింగు ఎడమవైపు, వీటికి మాత్రం కుడివైపు పెడతారు కాబట్టి, ఎడమవైపు ఓ చెక్క పెట్టి దానికి ఎర్రగుడ్డ కుట్టాను. తనిఖీకి వచ్చినవాళ్లు దాన్ని సీటని ఒప్పుకున్నారు. మా ఊళ్లో ఇల్లరికపు అల్లుడికున్న మర్యాద కూడా ఇంతేనని గాందోల్ఫో నవ్వేవాడు.

డెబ్బై నాలుగు సెప్టెంబరులో మా కొండ పందెంలో అన్నయ్య పోయాడు. కారు గుద్దుకోలేదు, బోల్తాపడలేదు. కింద నుంచి మలుపు మలుపూ తిరిగి, వాడు అంతకుముందెప్పుడూ ఎక్కనంత వేగంగా ఎక్కి, పైన గీత దాటి, గడ్డి మైదానంలోకి వెళ్లి మెల్లగా ఆగింది. జనం భుజాల మీదికెత్తుకోడానికి పరిగెత్తారు. వాడు స్టీరింగ్ పట్టుకుని చచ్చిపోయి ఉన్నాడు.

గుండె ఆగిందన్నాడు పందెం డాక్టరు. చెయ్యి పట్టుకుని చూసి, ఇంత చల్లబడ్డాడంటే ఇప్పుడు పోయినవాడు కాదు, ఎక్కడో కింద మాత గుడి మలుపు దగ్గరే అయ్యుండాలన్నాడు. అని, తన మాట తనకే వినపడ్డట్టుంది, పైన గాలికి చేతులు తొందరగా చల్లబడతాయిలే అని సర్దుకున్నాడు. మాత గుడి మలుపు దగ్గర జెండా పట్టుకున్న మనిషి మాత్రం, మీ వాడు నా ముందు నుంచి వెళ్లేటప్పుడే తల గుండెల మీద వాలిపోయి ఉందని నాన్నతో చెప్పాడు. నాన్న వాడితో మళ్లీ మాట్లాడలేదు.

కారు మీద ఒక్క గీత పడలేదు.

చలికాలం వెళ్లే దాకా అది గుడ్డ కప్పుకుని షెడ్డులో ఉంది. ఒకరోజు భోజనాల దగ్గర నాన్న, వచ్చే పందేనికి గాందోల్ఫో నడుపుతాడని ప్రకటించాడు. అడిగింది కాదు, ప్రకటించాడు. నా మొగుడు పొడుగ్గా, కొంగలా ఉంటాడు. పొగిడితే బెదిరే రకం. కాదనలేకపోయాడు. సరే మావయ్యా, కొత్త సీటు పోసుకుంటాను అన్నాడు.

అప్పుడు అమ్మ గరిటె కింద పెట్టింది. ఆ సీటు ముట్టుకోవద్దంది. సమాధిలో ఉన్నది మూతేసిన పెట్టె, అందులో ఏముందో తనకి కనపడదు. షెడ్డులో ఉన్నది తన కొడుకు వీపు. చెయ్యి పెడితే తగులుతుంది. రోజూ మధ్యాహ్నం గుడ్డ పట్టుకుని ఆమె షెడ్డుకి వెళ్లేది దుమ్ము తుడవడానికనే అనుకున్నాం. ఆ గుంటలో అరచెయ్యి ఆనించి కూర్చోడానికని ఆ రోజు తెలిసింది.

ఏడుస్తున్న తల్లితో ఎవరు వాదిస్తారు. నాన్న తలొంచుకున్నాడు. ఖాళీగా ఉన్న చోట్ల మెత్తలు కుక్కి అదే సీట్లో నడుపుతానని గాందోల్ఫో ఒప్పుకున్నాడు. అది తప్పని షెడ్డులో ప్రతి పనిముట్టుకీ తెలుసు. నేనే కూర్చుని దూదిపెట్టి మెత్తలు కుట్టాను, భుజాలకి రెండు, నడుముకొకటి, ఎడమ పక్క లోతుకి ఒక మందపాటిది.

వసంతంలో గాందోల్ఫో తోటల రోడ్డు మీద కారు అలవాటు చేసుకోవడం మొదలెట్టాడు. ఒకసారి షెడ్డులోకి వెళ్తే పనిబల్ల మీద నడుం మెత్త మడతపెట్టి ఉంది. అడ్డంగా ఉంటోందని తీసేశానన్నాడు. ఇంకొన్నాళ్లకి భుజాలవి కూడా బల్ల మీదికొచ్చాయి. ఎండలు ముదిరేసరికి ఎడమ పక్క మందపాటిది కూడా వచ్చేసింది. కొంగలాంటి మనిషి, ఎద్దులాంటి మా అన్నయ్య అచ్చులో ఖాళీ లేకుండా కూర్చుంటున్నాడు.

గాందోల్ఫో పని బట్టలు కుట్టేది నేనే. ఒకరోజు ఉతికినవి వేసుకుంటే చొక్కా ఎడమ చెయ్యి మణికట్టు దాటి కిందికి జారింది. గుడ్డ సాగిందనుకున్నాను. కొలతపట్టీ పెట్టి చూశాను. సాగింది గుడ్డ కాదు, భుజం దిగింది.

సార్డీన్ చేపలు, అడవి సోంపాకు వేసిన పాస్తా అంటే గాందోల్ఫోకి ప్రాణం మీదికొచ్చేది. పెళ్లైన కొత్తలో అత్తగారి మొహమాటానికి నాలుగు ముద్దలు మింగి పెరట్లోకి పరిగెత్తిన మనిషి. అది అన్నయ్యకిష్టమైన వంట. ఆ వేసవిలో అమ్మ అది చేసింది. గాందోల్ఫో పళ్లెం ఖాళీ చేసి మళ్లీ చాచాడు. అమ్మ వడ్డిస్తూ కళ్లు తుడుచుకుంది. మర్నాడూ అదే వండింది. దేన్ని మేపుతోందో ఆమెకి తెలుసు.

అక్కడితో ఆగినా నేను నోరు మూసుకునేదాన్నేమో. ఒకరోజు పొద్దున్నే షెడ్డుకి వెళ్తూ గాందోల్ఫో నా నుదుటి మీద ముద్దు పెట్టి, "వస్తానే లిబ్బా" అన్నాడు. నా పేరు లిబోరియా. లిబ్బా అని నన్ను పిలిచింది లోకంలో ఒక్క అన్నయ్యే. ఆ ముద్దు మొగుడు పెట్టే ముద్దు కాదు. నేను రొట్టెల పిండి చేతులతోనే గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. నాకు అన్నయ్య మీద ప్రేమ లేక కాదు. కానీ వాడి ముద్దు నా మొగుడి పెదాల మీంచి వస్తే ఒళ్లంతా జలదరించింది. ఆ వారమే గాందోల్ఫో తన తలగడ తీసుకుని అన్నయ్య గదిలోకి మారాడు. అక్కడి మంచం వీపుకి బాగుందట.

నేను అమ్మ మీద పడ్డాను. ఇంట్లో నా గొంతు పెద్దదని పేరు, ఆ రోజు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. ఆమె చేపల పొలుసు గీకుతూ తలెత్తకుండా వింది.

"నీకేం పోయిందే. నీ మొగుడు ఇంట్లోనే ఉన్నాడుగా" అంది.

"మొగుడు లేడమ్మా. అన్నయ్యున్నాడు."

"అయితే ఇద్దరం సంతోషపడదాం."

ఆ మాటకి నాకు భయమేసింది. మా అమ్మ మెల్కియోరా ఊళ్లో పసిపిల్లని కూడా విసుక్కోని మనిషి. ఆమె కళ్లలో నా కాపురం మీద రవ్వంత జాలి కనపడలేదు.

నాన్న దగ్గరికి వెళ్లాను. ఆయన కారు చక్రాల కేసి చూస్తూ, బండి ఇప్పుడు బాగా వెళ్తోందన్నాడు. ఇంక మిగిలింది గాందోల్ఫోనే. తోటలో ఎవరిదో ట్రాక్టరు మొరాయిస్తే బాగుచేయడానికి వెళ్లాడు, నేను భోజనం మూట కట్టుకుని వెళ్లాను. రేసు కారుకి దూరంగా ఉన్నప్పుడు కొంచెం కొంచెం తనలా ఉండేవాడు. మూట విప్పుతూ అడిగాను, నీకేమవుతోందని. చాలాసేపు చేతుల గ్రీజు తుడుచుకున్నాడు.

"ఆ సీట్లో నాకు చోటు చాలట్లేదు లిబోరియా. నేను వెళ్లేసరికే ఎవరో కూర్చునుంటున్నారు. పెద్దమనిషికి లేచి చోటిచ్చినట్టు, రోజూ నేనే కాస్త కాస్త జరుగుతున్నాను" అన్నాడు. తర్వాత, "పందెం నాటికి మొత్తం లేచేస్తానేమో" అన్నాడు.

పోయినసారి ఆ సీట్లో కొండెక్కినవాడు పైకి ఎలా చేరాడో ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరం ఆ మాట అనలేదు. పందెం పది రోజుల్లో ఉంది.

గాజునార కోసే కొక్కెం కత్తి తీసుకుని షెడ్డుకి వెళ్లాను. సీటుని ముక్కలు చేసి పొయ్యిలో పెడదామనే వెళ్లాను. అమ్మ అక్కడే ఉంది, పీట మీద కూర్చుని, గుంటలో చెయ్యి పెట్టుకుని. నన్ను, నా చేతిలో కత్తిని చూసింది, అడ్డం రాలేదు. నేను సీటు మీదికి వంగాను. చిన్నప్పుడు నన్నెక్కించుకుని ఊరి మెట్లన్నీ దిగిన వీపు అది. ఆ పల్లం, ఆ వెన్ను గీత. నా వల్ల కాలేదు. కత్తి పారేసి అమ్మ పక్కనే నేల మీద కూలబడి ఏడ్చాను.

ఏడుస్తుంటే ఎదురుగా ఎర్రగుడ్డ చెక్క కనపడింది. రూలు కోసం పెట్టిన సీటు. ఎవడూ కూర్చోని సీటు.

లేచి పానా తీసుకున్నాను. కుడివైపు సీటు మరలు విప్పుతుంటే అమ్మ ఏం చేస్తున్నావని అడిగింది. అన్నయ్యని పక్కకి జరుపుతున్నానని చెప్పాను. ఆమె ఆలోచించింది.

"ఎడం వైపు వాడికి అలవాటు లేదే."

"అవుతుంది. అక్కడైతే బ్రేకుల గొడవ ఉండదు, హాయిగా కొండలు చూస్తూ కూర్చోవచ్చు."

ఆమె లేచి ఎర్రగుడ్డ చెక్కని తనే ఊడదీసి, ఆ చోటంతా తన దుమ్ము గుడ్డతో తుడిచింది. సీటు చాలా బరువుగా వచ్చింది. నురుగు సీటు చంటిపిల్లంత కూడా తూగదు, మేమిద్దరం రొప్పుతూ మోశాం. అంచులు చెక్కి ఎడమవైపు బిగించాక దాంతో నేను నేరుగానే మాట్లాడాను. "అన్నయ్యా, కారు నీదే, కొండ నీదే. మొగుడు మాత్రం నాది. నువ్వు ఇక్కడే కూర్చో."

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే గాందోల్ఫోకి కొత్త సీటు పోశాం. ఏం జరిగిందో చూసి నాన్న బకెట్లో నురుగు కలిపాడు. గాందోల్ఫో సంచి మీద కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాడు. నురుగు పొంగడం మొదలైంది. అతని ఎడమ భుజం మెల్లగా కిందికి దిగడం నా కళ్లారా చూశాను. నేను కారులోకి దూకి, చంక కింద నా భుజం పెట్టి పైకెత్తి పట్టుకున్నాను. పైనుంచి ఎవరో బరువు ఆనించినట్టే ఉంది. నాన్న వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను, అన్నయ్యని, కొండని, కారు కట్టిన నాన్నని, పక్కనే ఉన్నాడని కూడా చూడకుండా. నురుగు గట్టిపడే దాకా వదల్లేదు. చివరికి బరువు సడలింది. గాందోల్ఫో నాకేసి తిరిగి, ఏంటే, చెయ్యి విరగ్గొడతావా అన్నాడు. అది నా మొగుడి గొంతే.

సాయంత్రం అమ్మ సార్డీన్ల పాస్తా పెట్టింది. గాందోల్ఫో వాసన చూసి మొహం అటు తిప్పుకున్నాడు. అమ్మ ఆ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది, చాలాసేపు బయటికి రాలేదు. నేను సంతోషంతో ఏడుస్తున్నానో, ఆమె కోసం ఏడుస్తున్నానో తెలియలేదు.

పందెం రోజు తనిఖీవాళ్లు ఎడమ సీటు చూసి, ఇంత నిజం సీటు ఎందుకు పెట్టారని వేళాకోళం చేశారు. అమ్మ, నాన్న, నేను ముందే మా లారీలో పైకి చేరాం. అమ్మ ఆ రోజు పెళ్లినాటి బూట్లు తొడుక్కుంది. ఊరి పండగలకి కూడా పెట్టెలోంచి తీయని బూట్లు. కింద నుంచి మా ఇంజను చప్పుడు మలుపు మలుపుకీ పైకొస్తుంటే నేను ఎన్నిసార్లో లెక్క మరిచి ప్రార్థన చేశాను. గాందోల్ఫో గీత దాటాడు, మైదానంలో ఆగాడు. నేను అందరికంటే ముందు పరిగెత్తాను. హెల్మెట్ తీసి, చెమటలు కక్కుతూ, దాహం వేస్తోందన్నాడు. ఆ కొండ మీద అంత నెమ్మదిగా ఎవరూ ఎక్కలేదని తర్వాత వెక్కిరించారు. వెక్కిరించనీ.

బండి ఎడమవైపు బరువుగా ఉంది మావయ్యా అని మాత్రం నాన్నతో మెల్లగా చెప్పాడు. నాన్న సీటు కేసి చూసి తలూపాడు.

పందెం అయ్యాక కార్లన్నీ వరసగా, నింపాదిగా కిందికి దిగడం మా దగ్గర ఆచారం. ఆ దిగుడులో రూల్సుండవు. నడిపేవాళ్లు పెళ్లాల్ని, చెల్లెళ్లని, మేకపిల్లని కూడా ఎక్కించుకుంటారు, దారి పొడుగునా జనం చప్పట్లు కొడతారు. అందరూ బయల్దేరుతుంటే అమ్మ నా దగ్గరికొచ్చి ఇంటి తాళాలు నా చేతిలో పెట్టింది. చిక్కుడు గింజలు నానబెట్టాను, రేపు నువ్వే వండు అంది. కారు దగ్గరికి వెళ్లి ఎడమ తలుపు మీద చెయ్యి వేసింది.

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. వద్దమ్మా అన్నాను. ఎందుకు వద్దో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

"నీ మనిషిని నువ్వు తెచ్చుకున్నావ్ లిబోరియా. నేను నిన్ను ఆపానా? నా మనిషి దగ్గర నన్ను కూర్చోనీ" అంది.

ఆమె గొంతులో ఏడుపు లేదు. నెలల తరబడి నేను చూసిన ఆ కరుకుతనం కూడా లేదు. నా చెంప నిమిరింది. నేను చెయ్యి వదిలేశాను. మళ్లీ అడిగినా వదిలేస్తాను.

నేను, నాన్న లారీలో వెనకాలే దిగాం. ముందు కారులో అమ్మ నల్ల తలగుడ్డ గాలికి ఎగురుతూ కనపడుతూనే ఉంది. మాత గుడి మలుపు తిరిగాక ఎగరడం ఆగింది. గాలి తగ్గిందన్నాడు నాన్న.

ఊరి మధ్య కూడలిలో గాందోల్ఫో కారు ఆపేసరికి మేమూ చేరాం. అతను నవ్వుతున్నాడు. అత్తయ్య దారంతా కబుర్లేనని చెప్పాడు. ఇంజను మోతలో మాటలు అర్థం కాలేదట, కానీ ఆగి ఆగి, జవాబు విని మళ్లీ మాట్లాడినట్టు మాట్లాడిందట. మాత గుడి దగ్గర పెద్దగా నవ్విందట. అలా చెబుతూ ఆమె వైపు తిరిగాడు. నవ్వు ఆగిపోయింది.

అమ్మ పిట్టంత మనిషి. ఆమె కూర్చున్న అచ్చు ఎద్దులాంటి మగవాడిది. అయినా నలుగురు మగాళ్లు లేవనెత్తబోతే వేలు దూరే సందు దొరకలేదు. ఎడమ భుజం గుంటలోకి ఒదిగి వాలి ఉంది. పోయినేటి డాక్టరే వచ్చాడు. చెయ్యి పట్టుకుని చూశాడు, వదిలేసి రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి ఏమీ చెప్పలేదు. ఆయన వెళ్లాక నేను పట్టుకుని చూశాను. ఒళ్లంతా రాయిలా చల్లబడింది. ఒక్క కుడి అరచెయ్యి మాత్రం, అంతదాకా ఎవరో పట్టుకుని ఇప్పుడే వదిలినట్టు, వెచ్చగా ఉంది.

చివరికి ఎలాగో ఆమెని దించాక నాన్న వంగి సీటు గుంటలో చెయ్యి పెట్టాడు. అటూ ఇటూ తడిమాడు. ఖాళీ అన్నాడు. ఆ కారు మళ్లీ కొండెక్కలేదు.

మర్నాడు పొద్దున, ఇల్లంతా ఏడ్చే బంధువులతో నిండి ఉండగా, వాళ్లకి ఏదో ఒకటి పెట్టాలి కదా అని వంటింట్లోకి వెళ్లాను. గిన్నె మీద మూత తీశాను. గింజలు నీళ్లు పీల్చి ఉబ్బి ఉన్నాయి. ఎందుకో తక్కువగా అనిపించింది. గుప్పెడు గింజలు నానితే దోసెడు, దోసిలితో తీసి ఒక్కొక్కరిదీ పళ్లెంలో పోశాను. నాన్నకి. నాకు. నా మొగుడికి. గిన్నెలో ఇంకేం లేదు.